గుమ్మానికి పెట్టిన గొంతు

చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో భువనేశ్వరి ఇంటి బొమ్మల కొలువుకు ఒక పేరుంది. బొమ్మల అందం వల్ల వచ్చిన పేరు కాదది. ఆ బొమ్మలు వాళ్ళత్త అలమేలు కాపురానికి వచ్చినప్పటివి. ముక్కులు చెరిగినవీ, చేతులు అతికించినవీ ఎక్కువ. పేరు వచ్చింది కప్పల వల్ల. కింది మెట్టు ముందు ఇసుక పోసి, అద్దం ముక్కతో నీళ్ళగుంట చేసి, దాని గట్టున రెండు మట్టి కప్పల్ని కూచోబెడుతుంది భువనేశ్వరి. పేరంటానికి వచ్చినవాళ్ళు కుంకుమ కోసం వంగారో లేదో ఆ కప్పలు బెకబెకమంటాయి. మొదటి ఏడు ఒక పెద్దావిడ శనగల పొట్లం వదిలేసి గోడకు అతుక్కుపోయింది. మరుసటేడు ఆవిడే అందరికంటే ముందొచ్చి, "కప్పలు ఉండాయా ఈ తూరి?" అని అడిగింది.

ఈ పిచ్చి మొదలైంది ఒక గ్రీటింగు కార్డుతో. పెళ్ళయిన కొత్తలో భర్త వెంకట్రామ్ ఆమె పుట్టినరోజుకు తెరిస్తే పాడే కార్డొకటి తెచ్చిచ్చాడు. అలాంటివి బీరువాలో దాచుకునే ఆడవాళ్ళుంటారు. భువనేశ్వరి కూరగాయల కత్తితో దాని కడుపు కోసి చూసింది. గుండీ అంత బ్యాటరీ, చింతగింజంత నల్లటి బొట్టు, పల్చటి రేకు బిళ్ళ. ఇంతేనా అనుకుంది. ఆ సరంజామాను తీసుకెళ్ళి పూజగది తలుపుకు బిగించింది. తలుపు తీసినప్పుడల్లా దేవుడికి పుట్టినరోజు జరిగేది. వెంకట్రామ్ రెండు పూటలు అలిగాడు. అలమేలు మాత్రం, "దేవుడికి ఏటికొకతూరి చాలదా భువనా?" అని ఊరుకుంది. అత్తాకోడళ్ళకు పొత్తు కుదిరింది అక్కడే అంటే తప్పులేదు.

ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచ్చీ స్ట్రీట్ దారి తెలిసింది. అక్కడ బీరువా అంత అంగడిలో ఆంటో అనే అతను సౌండు మాడ్యూళ్ళు అమ్ముతాడు. అతను మాట్లాడేది తమిళం. భువనేశ్వరి మాట్లాడేదీ తమిళమే, కాకపోతే కోపం వస్తే తెలుగులోకి జారుతుంది. ఏ మాడ్యూల్ కొనాలి అని కొత్తవాళ్ళెవరైనా ఆ అంగడి ముందు తటపటాయిస్తుంటే, ఆంటో కంటే ముందు ఆమే పెళ్ళి సంబంధం విచారించినట్టు విచారిస్తుంది. ఒక్క మాట చెప్పాలా, నాలుగైదు చెప్పాలా? ఎవరు నొక్కాలి, మనిషా తలుపా? కరెంటు ఎక్కణ్ణుంచి?

ఒక్క మాటైతే పది సెకన్ల చిప్పు చాలు. గుండీ నొక్కిపట్టి మాట్లాడితే గుర్తుంచుకుంటుంది, కరెంటు తీసేసినా మరిచిపోదు. గొంతు మాత్రం డబ్బాలో తలపెట్టి పలికినట్టుంటుంది. మనిషి గొంతు మనిషి గొంతులా వినపడాలంటే మెమరీ కార్డు గుచ్చుకునే చిన్న మాడ్యూల్ కావాలి. దానికి టెక్కు ఎక్కువ. సిగ్నల్ తీగకు మధ్యలో ఒక రెసిస్టర్ వెయ్యకపోతే దోమలా గుంయ్‌మంటుంది. స్పీకరు పెద్దది తగిలిస్తే మూలుగుతుంది. అన్నిటికీ మించి, పాటలకు మనం ఏం పేరు పెట్టామో చూడదు, కార్డులోకి ఏది ముందు ఎక్కించామో చూస్తుంది. అది తెలియని ఏడాది భువనేశ్వరి కొలువులో రాముడి పట్టాభిషేకానికి రైలు కూత వచ్చింది.

ఇదంతా సరదాగా సాగినన్నాళ్ళు సాగింది. మామగారు ఆదికేశవులు దారి తప్పడం మొదలయ్యాక అది సరదా కాకుండా పోయింది.

ఆదికేశవులు ఎంసీ రోడ్డులో తువ్వాళ్ళు, లుంగీలు టోకున అమ్మిన మనిషి. మాట నెమ్మది, నడక చురుకు. కొడుకు చేతికి వ్యాపారం ఇచ్చి ఇంట్లో కూచున్నాక జ్ఞాపకం ఒక్కొక్క పోగే ఊడిపోయింది. డాక్టరు ఇది తగ్గే జబ్బు కాదని, మనిషిని మాత్రం సంతోషంగా ఉంచమని చెప్పాడు. కోడలి పేరు మరిచిపోయాడు, మధ్యాహ్నం అన్నం తిన్నది మరిచిపోయాడు. అంగడికి పోవాలన్న సంగతి ఒక్కటీ మరవలేదు. పొద్దున్నే తలంటుకున్నవాడిలా తయారై, తెల్లచొక్కా వేసుకుని, నామం దిద్దుకుని, గొడుగు పట్టుకుని బయల్దేరేవాడు. ఆ పాత అంగడి ఇప్పుడు లేదు. దాన్ని కూల్చేసి సెల్‌ఫోన్ల షోరూము కట్టారు, వెంకట్రామ్ వ్యాపారాన్ని వేరే వీధికి మార్చుకున్నాడు. ఉన్నచోట అంగడి కనపడకపోతే ఆదికేశవులు తాను దారి తప్పాననుకుని ఇంకా ముందుకు నడిచేవాడు. ఒకసారి వ్యాసర్పాడి రైలు యార్డు పక్కన దొరికాడు. ఇంకోసారి తిరువొత్తియూరులో సముద్రం ఒడ్డున, చెప్పుల్లేకుండా, వలలు బాగుచేసుకునేవాళ్ళను ఎంసీ రోడ్డుకు దారి అడుగుతూ. ఆ రోజు తండ్రిని ఆటోలో కూచోబెట్టుకుని తెచ్చిన వెంకట్రామ్ స్నానాల గదిలోకి పోయి కొళాయి తిప్పుకుని ఏడ్చాడు. ఆ సంగతి భువనేశ్వరికి తెలుసని ఇప్పటికీ అతనికి తెలియదు.

లోపలి గొళ్ళెం ఎంత ఎత్తున పెట్టినా ఆ పెద్దాయన చెయ్యి అందుకుంటుంది. అలమేలుకు మోకాళ్ళ నొప్పులు, వెంట పరిగెత్తలేదు. భువనేశ్వరి ఎంతకని గుమ్మంలో కూచుంటుంది? ఒకనాడు ఆమె కూరగాయలకు పోతుంటే వెంకట్రామ్ బయటనుంచి తాళం వేసుకుని పొమ్మన్నాడు. వేసింది. తిరిగొచ్చేసరికి లోపలినుంచి తలుపు తడుతున్న చప్పుడు. గట్టిగా బాదడం కాదు. పరాయి ఇంటికి వచ్చినవాడు తట్టినట్టు, మర్యాదగా.

"అమ్మా, ఎవురైనా ఉండారా? ఈ తలుపు కొంచెం తీస్తారా? నాకు అంగడికి పొద్దుపోతా ఉండాది."

తీసింది. "మంచిదమ్మా, శానా మంచిది" అని దండం పెట్టాడు, తను కట్టించిన ఇంటి గుమ్మంలో, తన కోడలికి. వెనక బల్లమీద అలమేలు కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది.

ఆ రాత్రి వెంకట్రామ్ తన నిర్ణయం చెప్పాడు. "వడ్రంగి ఆచారిని పిలిచి బయట గొళ్ళెం పెట్టిస్తా. నేను అంగడికి పోయేటప్పుడు వేసి పోతా. నాకేం సరదానా? రేపు ఏ లారీ కిందో పడితే ఎవురు జవాబు చెప్పేది?"

"మామను దొంగను పెట్టినట్టు పెడతారా?" అంది భువనేశ్వరి.

"ఇంకేం దారి ఉండాది, చెప్పు."

ఆమెకు దారి తెలియదు. తెలియకపోయినా, "ఆడి నెల పోయేదాకా ఆగండి. గుమ్మానికి నేను ఒక గొంతు పెడతా" అంది. ఆడి అంటే తమిళుల ఆషాఢం; ఆ తగ్గింపు అమ్మకాలతో వెంకట్రామ్‌కు తలెత్తే తీరిక లేదు. సరేనన్నాడు, నమ్మకం లేకుండానే.

మొదట అందరూ కొనేదే కొంది: తలుపు తెరిస్తే కూతపెట్టే అలారం. దాని కూతకు ఆదికేశవులు చెవులు మూసుకుని గోడవారన కూలబడ్డాడు. అలమేలు ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, "తీసెయ్యి దాన్ని, తీసెయ్" అని అరిచింది. ఆ అలారాన్ని భువనేశ్వరి అప్పుడే పీకేసింది. భయపెట్టి ఆపేది ఏదీ తన గుమ్మానికి ఉండదని ఆ క్షణమే అనుకుంది.

రెండోసారి ఆంటో మాట విని చెడింది. "ఇది తీసుకోండక్కా, పెన్‌డ్రైవ్ పెట్టొచ్చు, ఎర్రటి లైటు కూడా వస్తుంది" అని ఒక ఎంపీత్రీ బోర్డు అంటగట్టాడు. అలాంటి బోర్డులకు ఒక రోగముంది. కరెంటు తగలగానే, మనం పెట్టిన మాటకంటే ముందు, తాను బ్లూటూత్‌లో ఉన్నానని చైనా యాసలో ఇంగ్లీషు ముక్క ఒకటి వదులుతాయి. ఆదికేశవులు తలుపు తీయగానే ఎవరో పరదేశపు ఆడమనిషి పలకరించింది. ఆయన గొడుగు చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి, "రాండి రాండి, సరుకు చూస్తారా?" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. నవ్వి, గడపదాటి వెళ్ళిపోయాడు.

మూడోసారి భువనేశ్వరి ఎవరి మాటా వినలేదు. కార్డు గుచ్చుకునే చిన్న మాడ్యూల్, దాన్ని నడిపించడానికి వేలెడంత ప్రోగ్రాం బోర్డు, మనిషి కదిలితే పసిగట్టే సెన్సరు తెచ్చింది. రెసిస్టర్ మరవకుండా వేసింది. స్పీకరును గుమ్మం పైన, తోరణం వెనక దాచింది. "మామా, లోపలికి రాండి. కాఫీ తాగి పోదురు" అని తన గొంతే రికార్డు చేసింది. తొందరలో కొలువు కార్డే గుచ్చడంతో మొదట కప్పలు అరిచాయి. కార్డు తుడిచి, మళ్ళీ ఎక్కించాక గొంతు చక్కగా పలికింది.

మరీ చక్కగా పలికింది. వెంకట్రామ్ చెప్పులు వేసుకుంటుంటే మామా అంది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన అతనికి తెలుగు రాకపోయినా మామా అన్నదీ కాఫీ అన్నదీ అర్థమై, లోపలికొచ్చి కూచున్నాడు, ఇవ్వక తప్పలేదు. ఎవరికోసం పెట్టారో ఆ పెద్దాయన మాత్రం నాలుగు పొద్దులకే దానికి అలవాటుపడిపోయాడు. "ఇప్పుడే తాగినానమ్మా" అని తోరణానికి జవాబు చెప్పి మరీ వెళ్ళేవాడు.

ఆడి సగం దాటింది. ఆచారి ఒకసారి వచ్చి తలుపు కొలత చూసుకుని పోయాడు.

సెన్సరు పనికిరాదని పీకేసి, భువనేశ్వరి తలుపుకే అయస్కాంతం స్విచ్చి బిగించింది. తలుపు తెరుచుకుంటేనే బోర్డుకు బ్యాటరీ అందాలి, లేకపోతే అది నిద్రపోవాలి. మిగిలినవాళ్ళు పోయేటప్పుడు ఆపుకోవడానికి గోడకు ఇంకో స్విచ్చి పెట్టింది. మాట కూడా కుదించింది: "మామా! ఆగండి!" టేబుల్ మీద పరీక్షిస్తే బాగానే ఉంది. అయితే నిద్రలేవడానికి ఆ సరంజామాకు కొంత వ్యవధి కావాలి. ముందు బోర్డు మేలుకోవాలి, అది మాడ్యూల్‌ను తట్టాలి, మాడ్యూల్ కార్డును వెతుక్కోవాలి. ఊళ్ళో పెళ్ళికి ఒకరినొకరు లేపుకున్నట్టు. ఆ కాస్త ఆలస్యాన్ని ఆమె లెక్కచెయ్యలేదు. ముసలాయనే కదా, నిదానంగా దాటుతాడులే అనుకుంది. అంగడికి పోయేటప్పుడు ఆదికేశవులు ముసలాయన కాడన్న సంగతి మరిచిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన తలుపు తీశాడు. గడప దాటాడు. మెట్టు దిగాడు, వీధిలో కాలుపెట్టాడు. అప్పుడు, ఆయన వీపు వెనక, గుమ్మం అరిచింది.

"మామా! ఆగండి!"

ఇంట్లో అందరికీ పైప్రాణాలు పైనే పోయాయి. వెనకనుంచి పిలిచారు! బయటికి, అందులోనూ అంగడికి, బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవడం వాళ్ళ ఇళ్ళల్లో ఎంత తప్పో చెప్పాలంటే అలమేలు సంగతి చెప్పాలి. పడుచుతనంలో, భర్త క్యారియరు మరిచిపోయి వెళితే, ఆమె నోరు విప్పేది కాదు. క్యారియరు పట్టుకుని పెరటి తలుపు తీసుకుని, వెనక సందులోనుంచి పరుగెత్తి, వీధి మలుపులో ఆయనకు ఎదురుగా వచ్చి, ఊరికే తారసపడినట్టు నిలబడేది. వానలో అలా పరుగెత్తి ఒకసారి కాలు మెలిపెట్టుకుంది కూడా. ఆ ఇంట్లో మూడు తరాలుగా ఆడవాళ్ళు ఎదురొచ్చారే తప్ప వెనకనుంచి పిలిచినవాళ్ళు లేరు. ఎవరైనా తెలియక పిలిచారా, అంతే: బయల్దేరినవాడు తిరిగి లోపలికి రావాలి, కూచోవాలి, గుక్కెడు నీళ్ళు తాగాలి, అప్పుడుగానీ మళ్ళీ కదలకూడదు.

ఆదికేశవులు వీధిలో ఆగిపోయాడు. నాలుకతో చప్పుడు చేశాడు. "ఛ! ఎనకనుంచి పిలిచేది ఎవురు?" అని విసుక్కుంటూ వెనక్కి తిరిగి, మెట్టెక్కి, గొడుగు మూలన పెట్టి, బల్లమీద కూచున్నాడు. "నీళ్ళు ఇయ్యండి" అన్నాడు.

భువనేశ్వరి చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగాడు, మూతి తుడుచుకున్నాడు. బల్లమీద ఆరిన బట్టల కుప్ప ఉంది. అందులోంచి ఒక తువ్వాలు తీసి, అంచుకు అంచు కలిపి మడత పెట్టాడు. ఇంకోటి తీశాడు. ఎక్కడికి బయల్దేరాడో ఆయనకు గుర్తులేదు. అంగడిలోనే ఉన్నాడు.

ఆమె మొదట చేసిన పని ఆ ఆలస్యాన్ని సరిచెయ్యబోవడం. స్టూలెక్కి స్పీకరు దించింది, సోల్డరింగు కడ్డీ వేడి చేసింది. కడ్డీ కాలుతుండగా చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. పేరు పోయింది, ముఖాలు పోయాయి, అన్నం పోయింది. ఈ అలవాటు మాత్రం ఆయన కాళ్ళల్లో ఉండిపోయింది! ఇంటిల్లిపాదీ ఇన్ని నెలలుగా ఆయన్ని ఆపడానికి అన్నీ చేశారు, ఒక్క వెనకనుంచి పిలవడం తప్ప. పిలవకూడదు కాబట్టి ఎవరికీ తట్టలేదు. ఆమె కడ్డీ తీగ పీకేసి ఆంటోకు ఫోను చేసింది.

"ఆలస్యం పోవాలంటే బ్యాటరీ ఎప్పుడూ కలిపే ఉంచండక్కా" అన్నాడతను.

"పోకూడదు. ఇంకొంచెం ఎక్కువ చెయ్యాలంటే ఎట్ల?"

"మాడ్యూల్ లేటుగా పలకాలని అడిగినవాళ్ళను ఇంతవరకు చూడలేదక్కా" అన్నాడు ఆంటో. ప్రోగ్రాంలో ఎక్కడ ఏ అంకె మార్చాలో మాత్రం చెప్పాడు.

కొన్నాళ్ళు పనిచేసింది. ఇంట్లో మాత్రం తుఫాను రేగింది. "అంగడికి పోయే మనిషిని ఎనకనుంచి పిలిచేదా? దినామూ? అదీ ఆడి యాపారం జరిగే కాలంలో?" అని వెంకట్రామ్ కేకలేశాడు.

"మామ పోయే అంగడి యాడ ఉండాది ఇప్పుడు, చెప్పండి. లేని అంగడికి శకునమేంది?"

ఆమెకూ లోపల భయం లేకపోలేదు. ప్రతి పొద్దూ గుమ్మం అరిచినప్పుడల్లా మనసులోనే వేంకటేశ్వరుడికి ఒక దండం పెట్టుకునేది. అంతకంటే బాధ ఇంకోటుంది. లోపలికి వచ్చిన ప్రతిసారీ ఆదికేశవులు ఆ గొంతు ఎవరిదో పోల్చుకుని ఆమె వంక చూసేవాడు. "పెద్దింటి కోడలివి. నీకు తెలీదామ్మా?" అనేవాడు. కోపంతో అంటే పడేది. నొచ్చుకుని అనేవాడు.

ఒకనాడు ఆ నొప్పి ముదిరింది. గుమ్మం పిలిచింది, ఆయన ఆగాడు, తిరగలేదు. "ఎన్ని తూర్లు చెప్పేది ఈ పిల్లకి!" అని చెయ్యి విదిలించి, ముందుకే నడిచాడు. ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే ఏళుమలై చూసి, బండి వదిలేసి పరుగెత్తి, మీన్‌బాడి వండి, చేపలు మోసే మోటారు బండి, ఒకటి మీదికొస్తుండగా చెయ్యి పట్టి ఇవతలికి లాగాడు. పెద్దాయన చొక్కా చిరిగింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. అంతటితో పోయింది.

వెంకట్రామ్ ఆ మోచేతికి మందు రాస్తూ తలెత్తకుండా అన్నాడు. "చాలు భువనా. శానా చేసినావు, నేను లేదనను. రేపో ఎల్లుండో ఆచారి వస్తాడు."

భువనేశ్వరి వంటింట్లోకి పోయి, బియ్యం కడిగే గిన్నె ముందు పెట్టుకుని కూచుంది. ఓడిపోయాను అనుకుంది. అలమేలు గోడ పట్టుకుంటూ వచ్చి, ముక్కాలిపీట మీద చతికిలబడింది.

"నీ గొంతు తీసెయ్" అంది.

"తీసేస్తా అత్తా. అంతా పీకేస్తా."

"అంతా పీకమన్నానా? నీ గొంతు తీసెయ్యమంటి. నాది పెట్టు."

భువనేశ్వరి తలెత్తి చూసింది.

"ఎనకనుంచి పిలిచే పాపం ఏందో అది నాకు తగలనీ. నువ్వు ఇంకా నాలుగు దినాలు బతకాల్సినదానివి" అంది అలమేలు. "ఇంకొకటి. కోడలు పిలిస్తే ఆయనకి కోపం వస్తాది. నేను పిలిస్తే ఏమొస్తాదో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. ఎప్పుడూ పిలిచిందిల్లే."

నిజమే. ఎదుట ఉన్నా ఆమె భర్తను పేరుపెట్టి గానీ, ఏమండీ అని గానీ పిలిచేది కాదు. గోడతో చెప్పినట్టు, "ఇదో" అనేది. ఆయన ఊఁ అనేవాడు. యాభై ఏళ్ళ కాపురం ఆ రెండక్షరాల మీద నడిచింది.

మధ్యాహ్నం ఆయన పడుకున్నాక ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ఫోను ముందు పెట్టి అలమేలు గొంతు రికార్డు చెయ్యబోయారు. మొదటిసారి గుసగుస వచ్చింది. రెండోసారి దగ్గు. మూడోసారి నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది, కొత్తకోడలు మాదిరి. "ఆయన పోతా ఉండేది తలుచుకో అత్తా. మెట్టు దిగినాడు. ఈపు కనిపిస్తా ఉండాది" అంది భువనేశ్వరి. అలమేలు కళ్ళు మూసుకుంది. చాలాసేపు మూసుకునే ఉంది. తర్వాత, ఎవరూ అడగనంత గట్టిగా, గోడ అవతలికి వినపడేలా పిలిచింది.

"ఇదో! ఒక్క నిమిషం ఉండండి!"

భువనేశ్వరి కార్డులో ఉన్నదంతా తుడిచేసి, ఆ ఒక్క మాటనే ఎక్కించింది. వదులైన స్పీకరు తీగకు సోల్డరు పెట్టేటప్పుడు కళ్ళు మసకగా ఉంటే, పొగ అనుకుని విసురుకుంది. పొగ కాదు.

పొద్దున ఆదికేశవులు తెల్లచొక్కా వేసుకున్నాడు, నామం దిద్దుకున్నాడు. వెంకట్రామ్ అంగడికి పోవలసినవాడు పోకుండా స్తంభం పక్కన నిలబడ్డాడు. ఈసారి తప్పితే ఎగిరి పట్టుకోవాలని పంచె పైకి చెక్కుకున్నాడు. అలమేలు బల్లమీద కూచుంది. తలుపు తెరుచుకుంది. ఆయన గడప దాటాడు, మెట్టు దిగాడు, రెండడుగులు వేశాడు.

"ఇదో! ఒక్క నిమిషం ఉండండి!"

ఆయన నిలిచిపోయాడు. నాలుక చప్పుడు చెయ్యలేదు, విసుక్కోలేదు. మెల్లగా తిరిగాడు. తోరణం వంక చూడలేదు. తెరిచిన తలుపులోనుంచి, లోపల బల్లమీద ఉన్న మనిషిని చూశాడు. తిరిగి మెట్టెక్కి వచ్చి ఆమె పక్కన కూచున్నాడు. నీళ్ళు అడగడం కూడా మరిచాడు.

"పిలిచినావా?" అన్నాడు.

"ఆమా" అని తలూపింది.

"ఏంది సంగతి?"

అలమేలు కోడలి వంక చూసింది, ఏం చెప్పాలో తెలియక. రికార్డు అయితే చేశారు గానీ, ఆయన వచ్చి అడిగితే ఏం చెప్పాలో ఇద్దరూ అనుకోలేదు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. తర్వాత దాచుకోకుండా చెప్పేసింది.

"సంగతేం లేదు. ఊరికెనే పిలిస్తిని. కాపురానికి వచ్చినకాడి నుంచి, మీరు మెట్టు దిగేటప్పుడల్లా పిలవాలనే ఉండె."

ఆదికేశవులు ఆ మాటను చాలాసేపు విన్నాడు, మాట అయిపోయాక కూడా. ఆయన ముఖంలో ఎవరో దీపం కాస్త పైకెత్తినట్టయింది. ఆమె ఎవరో ఆయనకు తెలిసింది. భువనేశ్వరికి అందులో ఏ అనుమానమూ లేదు.

"పిలిచుంటే ఉండిపోయుందునే అలమేలూ" అన్నాడు.

వెంకట్రామ్ పంచె కిందికి దించుకున్నాడు. ఫోను తీసి, ఆచారికి రావద్దని చెప్పి, చెప్పులు వేసుకుని అంగడికి పోయాడు. పోతూ తలుపు మూయలేదు.